చక్రం మోత

మలంచా, ఖరగ్‌పూర్

చిన్నమ్మా,

నువ్వు విశాఖ చేరాక రాద్దామని ఆగాను. ఎదురుగా చెబితే మీ అమ్మమ్మ నీ పక్షం మాట్లాడేస్తుంది.

ఆ రోజు పక్కింటి పెద్దమ్మ వచ్చి, గుండెల్లో దడగా ఉంది, నిద్ర పట్టట్లేదు అంది చూడు. నువ్వు వెంటనే ఫోన్ తీసి చాట్‌బాట్‌ని అడిగావు. అది థైరాయిడ్ నుంచి రక్తహీనత దాకా గడగడా చెప్పేసింది. సబబుగానే చెప్పి ఉంటుంది. కానీ డాక్టరు చదువు చదివేదానివి కదా, నాడి చూస్తావని ఆవిడ చెయ్యి చాపి అలాగే కూర్చుంది. నువ్వు చూళ్ళేదు. తర్వాత వంటింట్లో అమ్మమ్మతో అందట: కొడుక్కి నైట్ డ్యూటీ పడ్డప్పటి నుంచి తనూ మేలుకుని రాత్రి రెండింటికి కూడా చా కాచుకుంటోందని. (రైల్వే ఆసుపత్రిలో ఈసీజీ తీయించాం. బాగానే ఉందన్నారు.)

నేను రైల్వే క్యారేజ్ అండ్ వ్యాగన్ విభాగంలో చేరిన కొత్తలో మేస్త్రి సుత్తి చేతికిచ్చి బండి చక్రాల మీద కొట్టించేవాడు. మంచి చక్రం గంటలా మోగుతుంది. పగులుంటే బీటవారిన కుండలా బొంగురుగా పలుకుతుంది. యాక్సిల్ బాక్సు వేడి చూడాలంటే అరచెయ్యి కాదు, చేతి వెనక వైపు ఆనించాలి. తర్వాత అల్ట్రాసోనిక్ యంత్రాలొచ్చాయి. మా చెవికందని పగుళ్ళు పట్టాయి, కాదనను. అయితే యంత్రం సరే అన్నా మనసొప్పక బండి ఆపించిన వాళ్ళని చూశాను. వాళ్ళంతా ముందు సుత్తి పట్టినవాళ్ళే.

ఛాతీ మీద వేలితో తట్టి వినే పద్ధతిని 1761లో రాసిన ఔయెన్‌బ్రుగర్ సత్రం నడిపేవాడి కొడుకని, వైన్ పీపాలు తట్టి చూడటం చిన్నప్పుడే ఎరుగునంటారని నువ్వే చెప్పావు. మా సుత్తికి మీ వేలు చుట్టమన్నమాట.

2023లో అమెరికా డాక్టర్ల లైసెన్సు పరీక్ష ప్రశ్నల్లో చాట్‌జీపీటీ దాదాపు పాసైందని కూడా నువ్వే అన్నావు. కానీ తల్లీ, ప్రశ్నపత్రంలో రోగి కథని ముందే ఎవరో ఏరి, కూర్చి పెడతారు. మన పెద్దమ్మ కథ ఎవరు కూర్చారు? కళ్ళు తిరగడం, తల దిమ్ముగా ఉండటం, తూలిపోవడం మనకి మూడు బాధలు. నువ్వు మూడింటికీ డిజ్జీనెస్ అని ఒక్క మాటే కొడతావు. మలంచాలో మన తెలుగులో సగం బెంగాలీ కలిసిపోయింది, అది వేరే తంటా.

2025లో అమెరికా వైద్యపత్రికలో ఒక కేసు వచ్చింది. అరవయ్యేళ్ళాయన చాట్‌జీపీటీని సంప్రదించి, ఉప్పు బదులు మూడు నెలలు సోడియం బ్రోమైడ్ తిన్నాడు. దాని విషంతోనే మతి చెదిరి, పక్కింటివాడు విషం పెడుతున్నాడంటూ ఆసుపత్రికొచ్చాడు. కాస్త కుదుటపడ్డాకే అసలు సంగతి చెప్పాడు. ఎదురుగా డాక్టరుంటే, ఉప్పెందుకు మానాలయ్యా అని ముందే అడిగేవాడు కాదూ?

చాట్‌బాట్ వాడొద్దనను. అర్థం కాని పాఠం అర్ధరాత్రి విసుక్కోకుండా చెప్పే మేస్టారు మా రోజుల్లో ఎక్కడ? వార్డులో మాత్రం ముందు రోగి మాటల్లోనే రాసుకో, కింద నీ అంచనా రాయి, ఆ తర్వాతే దాన్నడుగు. తేడా వచ్చిన చోట పుస్తకం తియ్యి, మీ సార్‌ని అడుగు. కేస్ షీట్ ఫోటో తీసి అందులో పెట్టడం మాత్రం వద్దే వద్దు. అది ఆ మనిషి సొంత గుట్టు.

పెద్దమ్మ రాత్రి చా తగ్గించింది. డాక్టరమ్మ మళ్ళీ ఎప్పుడొస్తుందని అడుగుతోంది. దసరాకి టికెట్ ఇప్పుడే తీసుకో, తర్వాత వెయిటింగ్ లిస్టే.

మీ తాతయ్య