ఒలింపిక్ జ్యోతి: జనం చూసేదెలా?

పోటీ పరీక్షల ప్రత్యేకం

క్రీడల ప్రాంగణంలో జ్యోతిని తొలిసారి 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో వెలిగించారు. గ్రీస్‌లోని ఒలింపియా నుంచి టార్చ్ రిలే 1936 బెర్లిన్‌తో మొదలైంది. జ్యోతి ప్రజలకు ఎంత అందుబాటులో ఉందన్నది నగరాన్ని బట్టి మారుతూ వచ్చింది.

ముఖ్యాంశాలు

• ఢిల్లీ, 2008 ఏప్రిల్ 17: టిబెట్ నిరసనల భయంతో రాజ్‌పథ్‌పై రిలేను బాగా కుదించారు. సామాన్యులను దగ్గరికి రానివ్వలేదు.
• వాంకూవర్, 2010: ఆరుబయట వెలిగించినా చుట్టూ ఇనుప కంచె వేశారు. విమర్శలు రావడంతో కంచెను ముందుకు జరిపి, చూసే వీలు కల్పించారు.
• లండన్, 2012: జ్యోతి స్టేడియం లోపలే ఉంది. టికెట్ లేనివారికి కనిపించలేదు.
• రియో, 2016: ప్రజల కోసం కాండెలారియా చర్చి వద్ద రెండో జ్యోతిని వెలిగించారు.
• పారిస్, 2024: ట్యూలరీ తోటలో బెలూన్‌కు అమర్చారు. మంట లేదు, నీటి ఆవిరిపై విద్యుత్ కాంతి పడి మంటలా కనిపించేది. రూపకర్త మాథ్యూ లెహన్నూర్. దగ్గరగా చూసేందుకు ఉచిత టికెట్లను ముందే బుక్ చేసుకోవాల్సి వచ్చేది.



మాదిరి ప్రశ్న

పారిస్‌లో జ్యోతిని వెలిగించినవారు?
ఎ) ఉసేన్ బోల్ట్
బి) మరీ జోస్ పెరెక్, టెడ్డీ రైనర్
సి) జినెదిన్ జిదాన్
డి) రఫెల్ నాదల్

జవాబు: బి