విందు బాకీ కాదు

సమస్య

మేం హైదరాబాద్‌లో అద్దె ఇంట్లో ఉంటాం. మావారు ప్రైవేటు కాలేజీలో లెక్చరర్. మా వదిన, అంటే మావారి అక్క, డాలస్‌లో ఉంటుంది. మేమంటే ఆవిడకు చాలా ప్రేమ. పోయినసారి వచ్చినప్పుడు ఆవిడ భర్త, అన్నయ్యగారు, మమ్మల్ని ఒక స్టార్ హోటల్‌కి తీసుకెళ్లారు. టేస్టింగ్ మెనూ అట. పెద్ద పళ్లెంలో రెండేసి ముద్దలు, ఒకటి తిన్నాక ఇంకొకటి తెచ్చారు. ఏ చెంచా దేనికో తెలియక వదిన ఏది తీస్తే నేనూ అదే తీశాను. మా బాబు "అన్నం ఎప్పుడు పెడతారమ్మా?" అనేసరికి మావారి ముఖం వాడిపోయింది.

ఇంటికొచ్చాక ఆయన ఫోన్‌లో ధర చూశారు. మనిషికి నాలుగున్నర వేలు! డిసెంబర్‌లో వాళ్లు మళ్లీ వస్తున్నారు. "ఈసారి మనమే అక్కడికి తీసుకెళ్లాలి, లేకపోతే బావ ముందు తలెత్తుకోలేను" అంటున్నారు. ఆరుగురికీ క్రెడిట్ కార్డు మీద కడతారట. బాబు ఫీజు కట్టాల్సిందీ అప్పుడే. వద్దంటే ఆయన మనసు నొచ్చుకుంటుంది. ఏం చేయను? వదిన మళ్లీ పిలిస్తే రామని చెప్పాలా?

– పేరు రాయని సోదరి, హైదరాబాద్

సలహా

మీవారిని బాధపెడుతున్నది ఆ బిల్లు ఒక్కటే కాదనిపిస్తోంది. మన ఇళ్లలో ఆడపడుచూ అల్లుడూ వస్తే కూర్చోబెట్టి పెట్టాల్సింది పుట్టింటివాళ్లు. అక్కడ బావగారే ఖర్చు పెట్టేసరికి తమ్ముడిగా తన బాధ్యత తప్పానని ఆయన కుమిలిపోతున్నారు. ఆ బాధ నిజమైనది. దాన్ని తేలిగ్గా తీసేయకండి. కానీ దానికి మందు క్రెడిట్ కార్డు కాదు.

ముందు లెక్క చూద్దాం. ఆరుగురికి నాలుగున్నర వేల చొప్పున రూ.27,000. గది అద్దె రోజుకు రూ.7,500 దాటే హోటళ్లలోని రెస్టారెంట్లలో జీఎస్టీ 18 శాతం. అంటే ఇంకో రూ.4,860. మొత్తం రూ.31,860. కార్డు బాకీ గడువులోగా పూర్తిగా తీర్చకపోతే చాలా బ్యాంకులు నెలకు మూడు శాతానికి పైనే వడ్డీ వేస్తాయి. మూడు శాతమే అనుకున్నా ఆ బాకీ మీద నెలకు రూ.950కి పైగా వడ్డీ అవుతుంది. ఈ అంకెలు కాగితం మీద రాసి, కోపం లేని వేళ ఆయన ముందు పెట్టండి. వద్దన్న మాట మీరు అనక్కర్లేదు, ఆయనకే అర్థమవుతుంది.

ఇక మర్యాద సంగతి. బావగారు మీకు అప్పివ్వలేదు, ప్రేమగా తినిపించారు. ఆయన సంపాదనకు తగ్గట్టు ఆయన చేశారు, మీ సంపాదనకు తగ్గట్టు మీరు చేయండి. అంత ఖరీదైన భోజనం మీ వదినకు డాలస్‌లోనూ దొరుకుతుంది. తమ్ముడు పక్కన కూర్చుని కొసరి కొసరి వడ్డించే భోజనం అక్కడ దొరకదు. ఒక ఆదివారం ఇంటికి పిలవండి. గోంగూర పచ్చడి, ముద్దపప్పు, గుత్తి వంకాయ, పెరుగు చాలు. వెళ్లేటప్పుడు బొట్టు పెట్టి, మీ శక్తికి తగ్గ చీరో జాకెట్టు ముక్కో ఇవ్వండి. పుట్టింటి మర్యాదకు ఏ లోటూ రాదు.

ఒక్క షరతు. ఆ వంటంతా మీ నెత్తిన పడకూడదు. మర్యాద నిలబెట్టాలన్న తపన మీవారిది కాబట్టి మార్కెట్టుకు వెళ్లడం, కూరలు తరగడం, వడ్డించడం ఆయన వంతు. తన చేతులతో అక్కకు వడ్డిస్తే ఆయన బాధ సగం తీరుతుంది.

వదిన మళ్లీ హోటల్‌కి పిలిస్తే రామనకండి, ఆవిడ నొచ్చుకుంటుంది. "వదినా, మా వాడికి అన్నం ఉండాలి. ఎవరికి కావాల్సింది వాళ్లు చెప్పుకునే చోటుకి వెళ్దామా?" అని ముందే అడగండి. అక్కడికి వెళ్లాక ధరల ప్రస్తావన తేకుండా హాయిగా తినండి. ఫోర్కులు, చెంచాలు వరసగా పెట్టి ఉంటే బయటివైపు నుంచి వాడుకుంటూ రావాలి, అంతే. తెలియనిది వడ్డించేవాళ్లను అడగండి, చెప్పడం వాళ్ల పనిలో భాగం.

ఎప్పుడైనా హోటల్ బిల్లు మీరే కట్టాల్సి వచ్చి, అందులో సర్వీస్ చార్జి కనిపిస్తే మాత్రం అది కట్టి తీరాల్సింది కాదని గుర్తుంచుకోండి. దాన్ని దానంతట అది బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలిచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. తీసేయమంటే వినకపోతే 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు.

అక్కాతమ్ముళ్ల మధ్య ఎవరు ఎంత పెట్టారన్న లెక్క రాకూడదు. అప్పు చేసి పెట్టిన విందని తర్వాత తెలిస్తే మీ వదినే ఎక్కువ బాధపడుతుంది. ఆ మాట మీవారికి ఈ రోజే చెప్పండి.