గుంటను తెరచినవాడు ఎవడు?

కళాశాల, విశ్వవిద్యాలయ విద్యార్థుల అధ్యయన పాఠము

పఠన భాగములు: నిర్గమకాండము 21:33-34, ద్వితీయోపదేశకాండము 22:8, 23:12-14, లూకా 10:25-37, యాకోబు 5:4
కంఠత వాక్యము: ద్వితీయోపదేశకాండము 22:8
పాఠము యొక్క ఉద్దేశము: తరగతిలో చదివే నీతిశాస్త్రమును మన వీధిలోని ఒక సమస్యకు అన్వయించి, వాక్యపు వెలుగులో ఒక నిర్ణయమునకు వచ్చుట.



మీలో అనేకులు డిగ్రీలోను, పి.జి.లోను "అప్లైడ్ ఎథిక్స్" అనే పేపరు చదువుతున్నారు. తెలుగులో దీనిని అనువర్తిత నీతిశాస్త్రము అంటారు. మంచి ఏది, చెడు ఏది అని సిద్ధాంతముగా తెలుసుకొనుట ఒకటి. ఫలానా చోట, ఫలానా మనిషి విషయములో నేనేమి చేయవలెను అని తేల్చుకొనుట ఇంకొకటి. ఆ రెండవదే ఈ శాస్త్రము. పరీక్ష కాగానే పుస్తకము మూసివేస్తే దీనివలన లాభము లేదు. కాబట్టి ఈ నెల మనకు బాగా దగ్గరగా ఉన్న ఒక విషయమును తీసుకొందము. అదేమనగా మురుగు కాలువలలోను, సెప్టిక్ ట్యాంకులలోను మనుష్యులను దింపుట.

ఒక సంఘములో జరిగిన సంగతి

కొన్ని సంవత్సరముల క్రితము క్రిస్మస్‌కు రెండు వారముల ముందు, కర్ణాటకలోని మన తెలుగు సంఘములలో ఒక దానిలో కమిటీ కూడినది. పాస్టరుగారి ఇంటి సెప్టిక్ ట్యాంకు నిండి పొంగుచున్నది. మిషను లారీని పిలిస్తే ఖర్చు ఎక్కువ, సందు ఇరుకు. ఇద్దరు మనుషులు రాత్రికి వచ్చి బకెట్లతో తోడేస్తారు, సగము డబ్బుకే అయిపోతుంది అని ఒకరు చెప్పారు. అందరమూ సరే అన్నాము. నేను కూడ సరే అన్నాను.

యౌవనస్థుల ప్రతినిధిగా కూర్చున్న ఒక అబ్బాయి, డిగ్రీ మూడవ సంవత్సరము చదువుతున్నవాడు, లేచి, "అంకుల్, మా తాత ఈ పనే చేశాడు. సారాయి తాగకుండా ఒక్కరోజు కూడ దిగలేదని మా నాయనమ్మ చెప్పేది. మనలో ఎవరు దిగుతారో చెప్పండి, తర్వాత రేటు మాట్లాడదాం" అన్నాడు.

కోశాధికారిగారు మంచివారు. ఆయన కోపపడలేదు. "బాబూ, వాళ్లకూ పండగ ఖర్చులుంటాయి కదా. మనం పని ఇవ్వకపోతే ఎవరిస్తారు?" అన్నారు.

"ఆ డబ్బు వాళ్లను గుంటలో దించకుండా ఇవ్వకూడదా అంకుల్?" అని ఆ అబ్బాయి అడిగాడు.

ఎవరూ జవాబు చెప్పలేదు. ఆ గదిలో కూర్చున్న మాలో సగముకంటె ఎక్కువమంది తాతలు ఆంధ్ర ప్రాంతమునుండి మున్సిపాలిటీ పనికి వచ్చినవారే. మా పిల్లలకు మంచి బట్టలు, మంచి చదువు ఇచ్చి, ఆ సంగతి వారికి చెప్పకుండ దాచినవారము మేమే. ఈ పాఠము ఆ అబ్బాయి అడిగిన ప్రశ్ననుండి పుట్టినది.

1. మొదట వాస్తవములు తెలిసికొనవలెను

తెలియని సంగతిమీద తీర్పు చెప్పకూడదు. మూసియున్న గుంటలో మలము కుళ్లినప్పుడు హైడ్రోజన్ సల్ఫైడ్, మీథేన్, కార్బన్ డయాక్సైడ్ మొదలైన వాయువులు చేరుతాయి. ప్రాణవాయువు తగ్గిపోతుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ గాలికంటె బరువైనది గనుక అడుగున నిలిచియుంటుంది. కొద్దిగా ఉన్నప్పుడు కుళ్లిన కోడిగ్రుడ్డు వాసన వస్తుంది. ఎక్కువైనప్పుడు ముక్కు వాసనను పట్టే శక్తిని కోల్పోతుంది. వాసన లేదు గనుక ప్రమాదము లేదనుకొని మనిషి ఇంకొక మెట్టు దిగుతాడు, అక్కడే కూలిపోతాడు. ముక్కుకు గుడ్డ కట్టుకొన్నా ఈ వాయువు ఆగదు. దీపము దించి పరీక్షించుట మరీ అపాయము, మీథేన్ అంటుకొంటుంది. పడినవానిని లాగుటకు దిగిన రెండవవాడు, మూడవవాడు కూడ చనిపోవుట తరచుగా జరిగే సంగతి.

2015 నవంబరులో కేరళలోని కోళికోడ్ పట్టణములో ఇట్లే జరిగినది. ఆంధ్రప్రదేశ్‌నుండి పనికి వెళ్లిన ఇద్దరు కార్మికులు మ్యాన్‌హోల్‌లో పడిపోయారు. దారిన పోతున్న ఒక ముస్లిము ఆటో డ్రైవరు వారిని రక్షించుటకు దిగాడు. ముగ్గురూ మరణించారు. ఆ ఇద్దరి భాష ఆయనది కాదు, మతము తెలియదు, పేరు తెలియదు. నాకు పొరుగువాడెవడు అని ధర్మశాస్త్రోపదేశకుడు అడిగిన ప్రశ్నకు ప్రభువు సమరయుని చూపించెను. మన తెలుగువారి విషయములో ఆ సమరయుడు ఒక ఆటో డ్రైవరు.

2. చట్టము ఏమి చెప్పుచున్నది?

పొడి మరుగుదొడ్లను కట్టుట, మనుషులచేత మలము ఎత్తించుట 1993 చట్టముతో నిషేధింపబడినది. 2013లో ఇంకను విస్తారమైన చట్టము వచ్చి, ఆ సంవత్సరము డిసెంబరు 6నుండి అమలులోనికి వచ్చినది. దీని ప్రకారము, తగిన రక్షణ సామగ్రి, యంత్ర పరికరములు, జాగ్రత్తలు లేకుండ ఎవరినైనను మురుగు కాలువలోనికి గాని సెప్టిక్ ట్యాంకులోనికి గాని దింపకూడదు. ఈ నియమము ప్రభుత్వమునకు మాత్రమే కాదు, కాంట్రాక్టరుకు, ఇంటి యజమానికి, సంఘ కమిటీకి కూడ వర్తించును. మొదటి తప్పుకు రెండేండ్ల వరకు జైలు, లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండును. ఇంకొక సంగతి గమనించండి. ఈ చట్టము మనిషిని అతడు చేసే పనినిబట్టి గుర్తించును గాని కులమునుబట్టి, మతమునుబట్టి కాదు. బాప్తిస్మము పొందినవాడైనను పునరావాసము అడుగుటకు హక్కు గలవాడే.

సుప్రీంకోర్టు 2014 మార్చి 27న ఇచ్చిన తీర్పులో, 1993నుండి మురుగు గుంటలలో మరణించినవారి కుటుంబములకు పది లక్షల రూపాయలు ఇవ్వవలెనని ఆదేశించినది. 2023 అక్టోబరు 20న ఆ మొత్తమును ముప్పది లక్షలకు పెంచినది. ఆ మొదటి తీర్పునకు దారి తీసిన వ్యాజ్యమును 2003లో వేసినది సఫాయి కర్మచారీ ఆందోళన్. ఆ ఉద్యమ నాయకులలో ఒకరైన బెజవాడ విల్సన్ 1966లో కోలారు బంగారు గనుల పట్టణములో, ఈ పని చేసే కుటుంబములో పుట్టినవాడు. చదువుకొని, తన వారిని విడిచి పారిపోక, తన వారిమధ్యనే నిలిచినవాడు. 2016లో ఆయనకు రామన్ మెగసెసే పురస్కారము లభించినది.

3. తత్వవేత్తల కొలబద్దలు

మీ పుస్తకములలోని మూడు మార్గములను ఈ సంగతికి అన్వయించి చూడండి.

మొదటిది ప్రయోజన వాదము. జాన్ స్టూవర్ట్ మిల్ 1861లో దీనిని వివరించాడు. ఎక్కువమందికి ఎక్కువ సుఖము కలిగించునది మంచిదని దీని సారాంశము. పైపైన చూస్తే, ఊరంతా శుభ్రముగా ఉండుటకు ఇద్దరు దిగితే తప్పేమి అనిపించును. అయితే లెక్క సరిగా వేస్తే అట్లు తేలదు. పోయిన ప్రాణము, విధవరాలైన భార్య, బడి మానిన పిల్లలు, ఇవన్నీ ఆ లెక్కలో వేయవలెను. యంత్రముతో అదే పని జరుగుచున్నప్పుడు ప్రాణము ఖర్చు చేయుట ఏ లెక్కకూ సరిపోదు.

రెండవది కర్తవ్య వాదము. మనిషిని ఎన్నడును కేవలము పనిముట్టుగా వాడుకొనకూడదని కాంట్ 1785లో బోధించాడు. "వాడు ఒప్పుకొనే వచ్చాడు కదా" అనుట మనకు అలవాటు. ఆకలి ఒకవైపు, గుంట ఒకవైపు ఉన్నప్పుడు పలికిన ఒప్పుకోలు ఒప్పుకోలేనా?

మూడవది సద్గుణ వాదము, అరిస్టాటిల్ మార్గము. ఈ పని చేయించుటవలన నేను ఎటువంటి మనిషినగుచున్నాను అని ఇది అడుగును. రాత్రి మనుషులను పిలిపించి, తెల్లవారకముందే పంపించి, మరునాడు ఆరాధనలో నిలువబడు నా హృదయము ఏమగును?

వీటికి తోడు డాక్టర్ అంబేద్కర్ 1936లో "కుల నిర్మూలన"లో చూపిన సత్యమును మరువరాదు. కులము పనిని మాత్రమే కాక పని చేసే మనుషులనే విభజించినదని ఆయన వాదించాడు. ఈ గుంటలో దిగువాడు ఎవడో పుట్టుకనుబట్టి ముందే నిర్ణయమైయున్నది. ఇది కేవలము కార్మిక భద్రతా సమస్య కాకపోవుటకు కారణమదే.

4. వాక్యము ఏమి బోధించుచున్నది?

నిర్గమకాండములోని నియమము చూడండి. ఒకడు గుంట తెరచి కప్పకపోయినందున ఎద్దు గాని గాడిద గాని అందులో పడి చచ్చినయెడల, గుంటవాడే నష్టము చెల్లించవలెను. పడిన పశువు జాగ్రత్తగా నడవలేదని దేవుడు అనలేదు. గుంట ఎవరిదో బాధ్యత వారిది. పశువు విషయములోనే అట్లుండగా, దేవుని స్వరూపమందు చేయబడిన మనిషి విషయములో మరి ఎంత!

ద్వితీయోపదేశకాండము 22లో క్రొత్త ఇంటి పైకప్పుకు పిట్టగోడ కట్టవలెనని ఆజ్ఞ. ఎవడైనను పడి చనిపోతే ఆ ఇంటిమీద రక్తదోషము వచ్చును. ప్రమాదము జరుగకముందే గోడ కట్టుట భక్తిలో భాగమని దీనివలన నేర్చుకొంటాము.

ఇక 23వ అధ్యాయములోని మాటను మనము బహిరంగముగా చదువుటకు సిగ్గుపడతాము. ఇశ్రాయేలు పాళెములో ప్రతి సైనికుడు తనవద్ద త్రవ్వుకొను పనిముట్టు ఉంచుకొని, పాళెము వెలుపల తన మలమును తానే కప్పివేయవలెను. కారణము, దేవుడు ఆ పాళెములో సంచరించుచున్నాడు. ఆ పని కొరకు ఒక గోత్రమును వేరుపరచలేదు. పన్నెండు గోత్రములలో పాకీ గోత్రము లేదు. ఎవరి మాలిన్యమునకు వారే బాధ్యులు.

కొందరు యోహాను 13వ అధ్యాయమును చూపి, ప్రభువే పాదములు కడిగెను గనుక ఈ పని పరిశుద్ధమైనది, సంతోషముగా చేయండి అని బోధిస్తారు. జాగ్రత్త! ప్రభువు తానే తువాలు కట్టుకొనెను, ఇంకొకనికి కట్టలేదు. శుభ్రము చేయు ప్రతి పని గౌరవమైనదే. మన తాతలు, అవ్వలు ఆ పనిచేసి మనలను పోషించినందుకు మనము సిగ్గుపడ నక్కరలేదు. సిగ్గుపడవలసినవారు, యంత్రమును కొనగలిగియుండి మనిషిని దింపినవారు.

5. విద్యార్థులు ఏమి చేయగలరు?

కోళికోడ్‌లో జరిగిన ఆ సంగతి కేరళలోని కొందరు ఇంజనీరింగు పట్టభద్రులను కదిలించినది. వారు మనిషికి బదులుగా మ్యాన్‌హోల్‌లో దిగి శుభ్రముచేసే బ్యాండికూట్ అనే రోబోను తయారుచేశారు. 2018లో తిరువనంతపురములో దానిని వాడుకలోనికి తెచ్చారు. మీరందరు రోబోలు చేయలేకపోవచ్చును. లా చదువువారు ఒక కుటుంబమునకు దరఖాస్తు వ్రాసిపెట్టవచ్చును. కామర్సు చదువువారు సంఘపు బడ్జెట్‌లో లారీ ఖర్చును ముందే చూపించవచ్చును. తమిళము, కన్నడము, ఒడియా, మరాఠీ చక్కగా వచ్చిన మీరు, ఆ భాషలు చదవలేని మన పెద్దలతో కార్యాలయమునకు వెళ్లవచ్చును.

ఆ సంఘములో చివరకు ఏమి జరిగినదంటే, లారీని మెయిన్ రోడ్డుమీదనే నిలిపి పొడుగు పైపులు కలిపి లాగించారు. ఖర్చు రెట్టింపుకంటె ఎక్కువైనది. ఆ యేడు గుడికి సీరియల్ లైట్లు వేయలేదు. రావలసిన ఆ ఇద్దరికి క్రొత్త బట్టలు, బియ్యము ఇచ్చారు. దానితో వారి జీవితము మారిపోలేదు, వేరే ఇండ్లవారు వారిని ఇంకను పిలుస్తూనే ఉన్నారు. మా గుంట ఒక్కటే మూతబడినది. మిగిలిన పని మీది.

చర్చకు ప్రశ్నలు

1. "మనం పని ఇవ్వకపోతే ఎవరిస్తారు?" అను మాటలో ఉన్న సత్యమేమి? లోపమేమి?
2. మీ గుడి, పాస్టరుగారి ఇల్లు, మీ హాస్టలు, వీటి సెప్టిక్ ట్యాంకులు క్రిందటిసారి ఎవరు, ఏ విధముగా శుభ్రము చేశారు?
3. ఆటో డ్రైవరు చేసిన త్యాగము గొప్పది. అయినను పరికరములు లేకుండ దిగుట సరియేనా? అక్కడ మీరు ఉంటే ఏమి చేసియుందురు?
4. మీ కుటుంబము ఈ ఊరికి ఏ పనికి వచ్చినదో మీకు తెలుసా? కాలేజీలో స్నేహితులకు చెప్పగలరా?

ఈ నెల చేయవలసిన పని

మీ ఇంటిలోని వృద్ధులలో ఒకరిని కూర్చోబెట్టుకొని వారి పనిని గూర్చి అడిగి వ్రాసికొనండి. ఎవరైనను గుంటలో పడితే తాను దిగకుండ వెంటనే 101కి గాని 112కి గాని ఫోను చేయవలెనని సండేస్కూలు పిల్లలకు నేర్పించండి. మన ఆవరణలో ఏ మనిషిని గుంటలో దింపమని మీ సంఘ కమిటీచేత తీర్మానము చేయించండి.

ప్రార్థనాంశములు

గుంటలలో తమ వారిని పోగొట్టుకొన్న కుటుంబములకొరకు. నేటికిని ఆ పనికి వెళ్లుచున్న మన సహోదరులకొరకు. కూలి బిగపట్టినవారిమీద యాకోబు చెప్పిన మొర మన సంఘములకు విరోధముగా వినబడకుండునట్లు ప్రార్థించుదము. ఆమేన్.