స్క్రిప్ట్‌కి ఆగడం నేర్పండి

పార్టిషన్లు సర్దబోయి నా ల్యాప్‌టాప్‌లో ఉబుంటుని నేనే చెడగొట్టుకున్నా. ఈ ఏడాదిలో ఇది రెండోసారి. ఓఎస్ ఎక్కడానికి పెద్ద టైమ్ పట్టదు. ఆ తర్వాతే అసలు పని: జీసీసీ, గిట్, తెలుగు ఫాంట్లు, తెలుగు కీబోర్డు, టెర్మినల్ సెట్టింగులు. మొదటిసారి ఇవన్నీ ఒక్కొక్కటీ గుర్తు తెచ్చుకుంటూ పెట్టేసరికి ఆదివారం అయిపోయింది. అందుకే ఈసారి అన్నీ ఒక బ్యాష్ స్క్రిప్ట్‌లో రాసేశా. (కమాండ్లు ల్యాబ్‌లో నోటితో చెప్పుకున్నట్టే రాస్తున్నా, సర్దుకోండి.)

మొదలుపెట్టడం తేలికే. బాగా నడుస్తున్న సిస్టమ్‌లో 'ఆప్ట్-మార్క్ షోమాన్యువల్' కొడితే మనం కావాలని వేసుకున్న ప్యాకేజీల పేర్లు వస్తాయి. ఇన్‌స్టాలర్ వేసినవీ కొన్ని కలుస్తాయి, ఏరుకోవాలి. వాటిని 'సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ మైనస్ వై' పక్కన వరసగా రాస్తే చాలు. తెలుగు ఫాంట్లకి 'ఫాంట్స్-టెలు', టైపింగ్‌కి 'ఐబస్-ఎం17ఎన్'.

ఇక నా ఘనకార్యం. స్క్రిప్ట్ ఒక ఫోల్డర్‌లోకి వెళ్లి, జిప్ ఫైల్ దించి, విప్పి, పనయ్యాక అక్కడున్నదంతా తుడిచెయ్యాలి. ఫోల్డర్ పేరులో ఒక అక్షరం తప్పు కొట్టా. 'సీడీ' ఫెయిలైంది. అప్పుడు బ్యాష్ ఏం చేస్తుందనుకున్నారు? ఒక ఎర్రర్ చూపించి, ఏమీ జరగనట్టు తర్వాతి లైనుకి వెళ్లిపోతుంది! నేనేమో ఇంకా హోమ్ ఫోల్డర్‌లోనే ఉన్నా. 'ఆర్ఎం మైనస్ ఆర్ఎఫ్ స్టార్' అక్కడే నడిచింది.

స్టార్ గుర్తు చుక్కతో మొదలయ్యే ఫైళ్లని పట్టించుకోదు. కాబట్టి బ్యాష్‌ఆర్‌సీ లాంటి సెట్టింగు ఫైళ్లన్నీ క్షేమం. పది నిమిషాల్లో మళ్లీ చేసుకోగలిగేవన్నమాట. పెన్‌డ్రైవ్ నుంచి అప్పుడే తెచ్చిపెట్టుకున్న నా కథ మాత్రం పోయింది. కాపీ చెయ్యలేదు, కట్ చేసి పేస్ట్ చేశా. ఈ సంచికలో కథ బదులు ఈ వ్యాసం ఉండటానికి కారణం అదే.

ఇప్పుడు నా స్క్రిప్ట్ పైనే 'సెట్ మైనస్ ఈయూ' ఉంటుంది. 'ఈ' ఉంటే మామూలుగా ఏ కమాండ్ ఫెయిలైనా స్క్రిప్ట్ అక్కడే ఆగుతుంది. 'యూ' ఉంటే విలువ ఇవ్వని వేరియబుల్ వాడినా ఆగుతుంది.

అయితే మధ్యలో ఆగితే, తప్పు దిద్ది మళ్లీ మొదటి నుంచి నడపాలి కదా. కాబట్టి ప్రతి లైనూ రెండోసారి నడిచినా ఏమీ పాడవకూడదు. దీన్నే ఐడెంపోటెన్స్ అంటారు. ఆప్ట్‌తో గొడవలేదు, ప్యాకేజీ ఉంటే ఉందని చెప్పి ఊరుకుంటుంది. 'ఎంకేడిర్' మాత్రం ఫోల్డర్ ముందే ఉంటే ఎర్రర్ ఇస్తుంది, 'మైనస్ పి' తగిలిస్తే ఇవ్వదు. అన్నిటికన్నా తలనొప్పి '>>' గుర్తు. నడిపిన ప్రతిసారీ అదే లైను ఫైలు చివర అతికిస్తుంది. నా బ్యాష్‌ఆర్‌సీలో ఒకే ఏలియాస్ నాలుగుసార్లు చేరింది. ముందు 'గ్రెప్ మైనస్ క్యూ'తో ఆ లైను ఉందో లేదో చూసి, లేకపోతేనే రాయించాలి.

స్క్రిప్ట్‌నీ సెట్టింగు ఫైళ్లనీ గిట్‌లో పెట్టుకోండి. ఎస్ఎస్‌హెచ్ ప్రైవేట్ కీ మాత్రం పొరపాటున కూడా అందులో పెట్టొద్దు. మొదటిసారి నడిపేది వర్చువల్ మెషిన్‌లో, అదీ స్నాప్‌షాట్ తీసుకున్నాకే. నాది ఇప్పుడు వరసగా రెండుసార్లు నడిపినా ఒక్క ఎర్రర్ రావట్లేదు. తెలుగు కీబోర్డు మాత్రం ఒకసారి లాగౌట్ అయి వచ్చాకే కనిపిస్తోంది.