కోఠి రెసిడెన్సీ: దొరల బంగళా నుంచి ఆడపిల్లల చదువుల కోటదాకా

ఉప్పల్, నాచారం హాస్టళ్లలో ఉండి గ్రూప్స్‌కు చదివేవాళ్లు ఒక్క ఆదివారం రామంతాపూర్, అంబర్‌పేట మీదుగా కోఠి వెళ్లి ఈ భవనాన్ని చూసి రండి. చూసింది మరిచిపోరు.

1798లో నిజాం అలీఖాన్ బ్రిటిష్ గవర్నర్ జనరల్ వెల్లస్లీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. ఆ ఏడాదే నిజాం దర్బారులో బ్రిటిష్ ప్రతినిధి, అంటే రెసిడెంట్ అయిన జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్ ఈ భవనం కట్టించాడు. నిర్మాణ శిల్పి శామ్యూల్ రస్సెల్. ఇంగ్లండ్ జమీందారీ బంగళాల పల్లాడియన్ శైలి ఇది. ముందు ఆరు కొరింథియన్ స్తంభాలు, మెట్లకు రెండు పక్కలా రాతి సింహాలు. కిర్క్‌పాట్రిక్ భార్య ఖైరున్నీసా పరదా పాటించేది. ఆమె కోసం జనానా తోటలో ఈ భవనానికి చిన్న నమూనా కట్టించాడంటారు. నాకైతే సింహాలకంటే ఆ బుల్లి మేడే ఎక్కువ మాట్లాడుతుంది.

తప్పక గుర్తుంచుకోవాల్సిన తేదీ 1857 జులై 17. ఆ రోజు తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో రెసిడెన్సీపై దాడి జరిగింది. మౌల్వీని అండమాన్‌కు పంపారు.

1924లో సరోజినీ నాయుడు ఇల్లు గోల్డెన్ త్రెషోల్డ్‌లో మొదలైన ఉస్మానియా మహిళా కళాశాల 1949లో ఇక్కడికి వచ్చింది. రెసిడెంట్లు కొలువుదీరిన దర్బారు హాలు అలా ఆడపిల్లల చదువులకు దక్కింది. 2022లో ఆ కళాశాల తెలంగాణ మహిళా విశ్వవిద్యాలయం అయింది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు.