రక్తహీనత

స్టడీ అవర్‌లో పుస్తకం మీదే కునికే అమ్మాయిని మనం బద్ధకస్తురాలు అంటాం. ఒకసారి ఆమె కింది కనురెప్ప లోపల చూడండి. ఎర్రగా ఉండాల్సింది పాలిపోయి ఉంటే రక్తహీనత కావచ్చు. మెట్లెక్కితే ఆయాసం, గుండెదడ, కళ్లు తిరగడం కూడా దాని లక్షణాలే. పచ్చి బియ్యం, సుద్దముక్కలు తినేవాళ్లను చూసి నవ్వుతాం గానీ, అదీ ఒక గుర్తే.

మన వయసు అమ్మాయిలకు హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గకూడదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15-49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది.

ఇందులో ఎక్కువగా కనిపించేది ఇనుము లోపం వల్ల వచ్చేది. ఫోలిక్ ఆమ్లం, బి12 లోపంతో వచ్చేది మరో రకం. సికిల్ సెల్ వంశపారంపర్యం. ఇనుము తగ్గడానికి తిండి ఒక్కటే కారణం కాదు. నెలసరిలో ఎక్కువ రక్తం పోయినా తగ్గుతుంది. ఒట్టి కాళ్లతో బయలుకు వెళితే కొంకిపురుగులు పాదాల గుండా చేరి, పేగుల్లో రక్తం పీలుస్తాయి.

వానల్లేని మన అనంతపురంలో ఆకుకూర రోజూ దొరకదు. రాగిసంగటి, ఉలవలు, అలసందల్లో ఇనుము ఉన్నా ఒంటికి పట్టేది కొంతే. నిమ్మకాయ పిండుకుంటే ఎక్కువ పడుతుంది, తిన్న వెంటనే టీ తాగితే తగ్గుతుంది.

బడిలో వారానికోసారి ఇచ్చే నీలం మాత్రను కిటికీలోంచి పారేయకండి. మలం నల్లగా రావడం ఆ ఇనుము వల్లే, భయం లేదు. కడుపులో తిప్పితే అన్నం తిన్నాక వేసుకోవాలి. పరీక్షలో రక్తం తక్కువని తేలినవాళ్లకు మాత్రం వారం మాత్ర చాలదు, డాక్టరు రోజూ వేసుకునేవి ఇస్తారు.