ఎగరగలిగే విమానానికి సెలవెందుకు?

రేణిగుంట పక్క ఊళ్లలో ఉండేవారికి విమానం కొత్త వస్తువు కాదు. తిరుపతి విమానాశ్రయంలో దిగే విమానాలు వారి ఇళ్ల మీదుగానే పోతుంటాయి. వాటిని జాగ్రత్తగా గమనిస్తే రెండు రకాలు కనిపిస్తాయి. కొన్నింటికి రెక్కల దగ్గర పంకాలు బయటికి కనిపిస్తూ తిరుగుతుంటాయి. మరికొన్నింటికి రెక్కల కింద పెద్ద పీపాల వంటి ఇంజన్లు వేలాడుతుంటాయి. మొదటివి ప్రొపెల్లర్ విమానాలు, రెండోవి జెట్ విమానాలు.

చమురు ధర పెరిగినప్పుడల్లా విమాన సంస్థలు కొన్ని పాత జెట్ విమానాలను పక్కన పెడుతుంటాయి. వాటిలో చాలావరకు చెడిపోయినవి కావు. బాగా ఎగరగలిగేవే. మరి వాటికి సెలవు ఎందుకిస్తారు? దీనికి జవాబు మీ భౌతికశాస్త్ర పుస్తకంలోనే ఉంది.

ఒక చిన్న లెక్క

జెట్ విమానం తాగేది మన ఇళ్లలో ఒకప్పుడు దీపాలు వెలిగించిన కిరసనాయిలు జాతి ఇంధనమే. కాకపోతే మరింత శుద్ధి చేసినది. మన దేశంలో విమాన సంస్థల ఖర్చులో ఈ ఇంధనానిదే పెద్ద భాగం. ఒక్కొక్కప్పుడు అది 40 శాతం దాకా పోతుంది.

విమానం ముందుకు పోవాలంటే గాలిని వెనక్కు నెట్టాలి. న్యూటన్ మూడో నియమం ఇదే. ఎంత బలంగా ముందుకు పోతుందన్నది ఆ గాలికి ఇచ్చే ద్రవ్యవేగం మీద, అంటే ద్రవ్యరాశి, వేగాల లబ్ధం మీద ఆధారపడుతుంది. లెక్క సులువుగా ఉండేందుకు, నిలిచి ఉన్న ఇంజను ఒకటి సెకనుకు 1 కిలో గాలిని సెకనుకు 10 మీటర్ల వేగంతో నెట్టిందనుకోండి. ద్రవ్యవేగం 1 × 10 = 10. ఇంకో ఇంజను సెకనుకు 10 కిలోల గాలిని సెకనుకు 1 మీటరు వేగంతో నెట్టిందనుకోండి. ఇక్కడా 10 × 1 = 10. రెండూ సమానమే. విమానానికి దొరికే తోపు ఒక్కటే.

ఇప్పుడు ఖర్చయిన శక్తిని చూద్దాం. గతిజశక్తి సూత్రం మీకు తెలుసు: ద్రవ్యరాశిని వేగం వర్గంతో గుణించి, అందులో సగం తీసుకోవాలి. మొదటి ఇంజనుకు అది 50 జౌళ్లు. రెండోదానికి 5 జౌళ్లు మాత్రమే! అదే పనికి పదో వంతు శక్తి. కొంచెం గాలిని వేగంగా తోయడం కంటే ఎక్కువ గాలిని మెల్లగా తోయడం లాభమన్నమాట.

పక్కగాలి మహిమ

ఈ కిటుకు ఇంజను తయారీదారులకు మొదటినుంచీ తెలుసు. అయితే దాన్ని ఆచరణలో పెట్టడానికి ఎక్కువ వేడిని తట్టుకునే లోహాలు, తేలికైన పెద్ద పంకాలు కావలసి వచ్చాయి. జెట్ ఇంజను ముందున్న పంకా పీల్చిన గాలిలో కొంత మంటలోకి పోతుంది. మిగతాది మంట జోలికి పోకుండా పక్కనుంచి వెనక్కు పోతుంది.

1960లో ఎయిర్ ఇండియా తెచ్చుకున్న మొదటి బోయింగ్ 707 జెట్లలో మంటలోకి పోయే ప్రతి కిలో గాలికి పక్కనుంచి పోయేది సుమారు 300 గ్రాములే. 1971లో వచ్చిన బోయింగ్ 747లో అది సుమారు 5 కిలోలయింది. 2016 నుంచి మన దేశంలో ఎగురుతున్న ఎయిర్‌బస్ ఎ320 నియో ఇంజన్లలో 11, 12 కిలోల దాకా ఉంది. అందువల్లే అది పాత ఎ320 కంటే కనీసం 15 శాతం ఇంధనం ఆదా చేస్తుంది.

ఈ దారిలో ఇంకా ముందుకు పోతే ప్రొపెల్లరు వస్తుంది. దానిలో దాదాపు గాలంతా పక్కగాలే! హైదరాబాదు నుంచి తిరుపతికి ఆకాశమార్గం సుమారు 420 కిలోమీటర్లు. గంటకు 830 కిలోమీటర్ల జెట్‌కు సుమారు 30 నిమిషాలు, 500 కిలోమీటర్ల ప్రొపెల్లర్ విమానానికి 50 నిమిషాలు పడుతుంది. తేడా 20 నిమిషాలే. అంతే మందిని మోసే చిన్న జెట్ కంటే ప్రొపెల్లర్ విమానానికి ఇంధనం తక్కువ చాలు. దగ్గరి ఊళ్లకు దాన్ని వాడడంలోని రహస్యం ఇదే.

ధర పెరిగితే ఏమవుతుంది?

ఇంధనం చవకగా ఉన్నంతకాలం పాత విమానం నడుస్తూనే ఉంటుంది. కొత్తది కొనే అప్పు కంటే పాతది తాగే నూనె చవక కాబట్టి. 1973లో పీపా 3 డాలర్లు ఉన్న ముడిచమురు 1974 మొదటికే 11 డాలర్లు దాటింది. త్రాసు అటు మొగ్గింది. వంద మందిని మోస్తూ ఎంతో ఇంధనం తాగే కాంకార్డు 2003లో ఆగిపోయింది. నాలుగు ఇంజన్ల 747 చేసే పనిని రెండు ఇంజన్ల విమానాలు చేయసాగాయి. ఎయిర్ ఇండియా చివరి 747 ముంబయి నుంచి 2024 ఏప్రిల్ 22న వెళ్లిపోయింది.

మరి మనుషుల సంగతి?

యంత్రాన్ని మూలన పెట్టడం తేలిక. దానితో బతికిన మనిషి సంగతి అలా కాదు. 707లోనూ, తొలి 747లోనూ ఇద్దరు పైలట్ల వెనుక ఫ్లైట్ ఇంజనీరు కూర్చుని మీటర్లు చూసేవాడు. 1989లో వచ్చిన 747-400లో ఆ పని కంప్యూటరుకు పోయింది. ఆ కుర్చీయే లేకుండా పోయింది. ఆవిరి ఇంజన్లు పోయినప్పుడు బొగ్గు వేసే ఫైర్‌మన్ పని కూడా ఇలాగే పోయింది.

విమానం మరమ్మతు చేసే ఇంజనీరుకు ఏ రకం విమానం నేర్చుకుంటే ఆ రకానికే అనుమతి ఉంటుంది. ఆ రకం పోతే ఆయన మళ్లీ విద్యార్థి కావలసిందే. నేర్పేవారుంటే సరే, లేకపోతే నలభై ఏళ్ల వయసులో వీధిన పడాలి.

కొత్త యంత్రం కొన్నంత మాత్రాన సంస్థ నిలబడుతుందనీ లేదు. 2015 జూలై 12న హైదరాబాదు–తిరుపతి మార్గంలో సర్వీసులు మొదలుపెట్టిన ట్రూజెట్ వాడినది పొదుపైన ఏటీఆర్ ప్రొపెల్లర్ విమానాలనే. అయినా 2022 ఫిబ్రవరిలో దాని సర్వీసులు ఆగిపోయాయి. 2019 ఏప్రిల్ 17న జెట్ ఎయిర్‌వేస్ ఆగినప్పుడు వేలమంది ఒక్కసారిగా జీతాలు కోల్పోయారు. ఇంధనం ఒక ఖర్చు మాత్రమే. అప్పులు, అద్దెలు, ఖాళీ సీట్లు కూడా సంస్థను ముంచగలవు.

ఇదంతా ఆకాశంలోనే జరగడం లేదు. తిరుమల ఘాట్ రోడ్డుమీద 2022 నుంచి ఎలక్ట్రిక్ బస్సులు తిరుగుతున్నాయి. వాటిలో డీజిల్ ఇంజనే లేదు. బస్సు దిగేటప్పుడు మోటారు తిరిగి విద్యుత్తును తయారు చేసి బ్యాటరీకి ఇస్తుంది. ఇంధనం ఆదా కావడం అందరికీ మంచిదే. అయితే పిస్టన్లు విప్పి బిగించిన చేతులకు బ్యాటరీ విద్య నేర్పే బాధ్యత కూడా ఆ ఆదాలోనే లెక్క కట్టాలి.

ఆలోచించండి

1. రెండు ఇంజన్లు గాలికి 60 ద్రవ్యవేగం చొప్పున ఇచ్చాయి. ఒకటి 2 కిలోల గాలిని, మరొకటి 20 కిలోల గాలిని నెట్టింది. ఏది ఎంత శక్తిని వాడింది?

2. ఒక కిలో విమాన ఇంధనం మండితే 3 కిలోలకు పైగా బొగ్గుపులుసు వాయువు పుడుతుంది. మిగతా బరువు ఎక్కడినుంచి వచ్చింది? (సూచన: మంటకు కావలసిన రెండో వస్తువును గుర్తు తెచ్చుకోండి.)

3. మీ ఊళ్లో ఏ యంత్రం వచ్చి ఏ పని పోయింది? ఆ పని చేసినవారు ఇప్పుడేం చేస్తున్నారో అడిగి తెలుసుకోండి.